పోలండ్ మీద మొదటి సెట్ గెలిచిన వియత్నాం అమ్మాయిలు తర్వాతి సెట్లో పది పాయింట్లకే ఎందుకు ఆగిపోయారు?

అమ్మా, నీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. 2025 మహిళల వాలీబాల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వియత్నాం, పోలండ్ మ్యాచ్ చూశానన్నావు. మొదటి సెట్ వియత్నాం 25-23తో గెలిచింది. తర్వాతి రెండు సెట్లలో 10 దగ్గర, 12 దగ్గర ఆగిపోయింది. నాలుగో సెట్లో మళ్లీ 22 దాకా వచ్చి ఓడిపోయింది. "మొదటి సెట్ గెలవడం లక్కేనా? తర్వాత భయపడిపోయారా? కాలేజీ టీమ్‌లో ఆడే నాలాంటివాళ్లు వాళ్ల ఆటలో ఏం చూడాలి?" అని అడిగావు. నేను పాతికేళ్లుగా అమ్మాయిలకు వాలీబాల్ నేర్పిస్తున్నాను. ఈ వియత్నాం జట్టును 2023 నుంచి వదలకుండా చూస్తున్నాను. జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

లక్ కాదు. భయం కూడా కాదు. స్కోరే ఆ సంగతి చెబుతోంది. ఒక కాగితం తీసుకో, చిన్న లెక్క చూపిస్తాను.

అవతలి జట్టు సర్వీస్ చేస్తున్నప్పుడు మనం పాయింట్ కొడితే సర్వీస్ మనకొస్తుంది. దాన్ని సైడ్ అవుట్ అంటాం. మన సర్వీస్ మీద మనమే పాయింట్ కొడితే అది బ్రేక్ పాయింట్. ఇప్పుడు ఆలోచించు. సైడ్ అవుట్ అయిన ప్రతిసారీ సర్వీస్ చేతులు మారుతుంది. అంటే సైడ్ అవుట్లు ఒకసారి మనకు, ఒకసారి వాళ్లకు, మళ్లీ మనకు, ఇలా వంతులవారీగానే వస్తాయి. సెట్ ఎలా నడిచినా చివరికి రెండు జట్ల సైడ్ అవుట్లు సమానంగా ఉంటాయి, లేదా ఒక్కటి తేడా ఉంటుంది. ఇంకో రకంగా జరగడానికి వీల్లేదు.

ఇది పట్టుకుని రెండో సెట్ స్కోరు చూడు. 25-10. వియత్నాం కొట్టిన పది పాయింట్లూ సైడ్ అవుట్లే అనుకున్నా, పోలండ్ సైడ్ అవుట్లు పదకొండుకు మించవు. మిగతా కనీసం పద్నాలుగు పాయింట్లు పోలండ్ తన సర్వీస్ మీదే కొట్టింది. అంటే ఆ సెట్లో వియత్నాం ఓడింది నెట్ దగ్గర స్మాష్ కొట్టలేక కాదు. అవతలి సర్వీస్ తీసుకుని ఒక్క పాయింట్ చేసి బయటపడాల్సిన చోట ఇరుక్కుపోయి ఓడింది. నాలుగో సెట్ 25-22కి అదే లెక్క వేస్తే తేడా రెండు నుంచి నాలుగు బ్రేక్ పాయింట్లు, అంతే. అదే మ్యాచ్‌లో, అదే ప్రత్యర్థి మీద, అవే కాళ్లూ చేతులతో. భయపడిపోయిన జట్టు అలా తేరుకోదు. ఎక్కడ ఇరుక్కున్నారో వెతికి పట్టుకుని, చాలావరకు సరిచేసుకున్నారు.

మరి ఎందుకు ఇరుక్కున్నారు? దీనికి ఆ మ్యాచ్‌కు రెండు వారాల ముందుకు వెళ్లాలి.

ఆగస్టు 10న వియత్నాంలోని నిన్ బిన్‌లో, ఆగ్నేయాసియా జట్లు ఆడే సీ వి.లీగ్ రెండో అంచె ఆఖరి మ్యాచ్ జరిగింది. ప్రత్యర్థి థాయ్‌లాండ్. ఆగ్నేయాసియా మహిళల వాలీబాల్‌లో థాయ్‌లాండ్ అంటే ఏంటో నీకు తెలుసు కదా. ఇరవై ఏళ్లకు పైగా సీ గేమ్స్ (ఆగ్నేయాసియా క్రీడలు) స్వర్ణం వాళ్లదే. వియత్నాం ఫైనల్‌కు రావడం, థాయ్‌లాండ్ చేతిలో ఓడి రజతంతో వెనక్కి వెళ్లడం అలవాటైపోయిన తంతు. ఆ రోజు మాత్రం సొంత గడ్డ మీద 3-2తో గెలిచారు. ఆ లీగ్‌లో వాళ్లకు అదే మొదటి టైటిల్. అప్పుడు జట్టులో గుయెన్ థి బిక్ తుయెన్ ఉంది. ఆపోజిట్ ప్లేయర్, మన దగ్గర యూనివర్సల్ అంటాం. ఎత్తు 1.88 మీటర్లు. ముందు వరుసలోనైనా వెనక వరుసలోనైనా బంతి ఎలా వచ్చినా కొట్టగలదు.

ప్రపంచ చాంపియన్‌షిప్‌ మొదలయ్యే ముందు ఆమె వ్యక్తిగత కారణాలతో జట్టు నుంచి తప్పుకుంది. ఆగస్టు 23న ఫుకెట్‌లో పోలండ్ ముందు నిలబడినప్పుడు వియత్నాంకు ఆమె లేదు.

ఒక్కరు లేకపోతే ఇంత తేడానా అని నీకు అనిపించవచ్చు. ఆమె స్థానం ఏంటో చూస్తే అర్థమవుతుంది. సెట్టర్‌కు, అంటే మన ఊళ్లలో లిఫ్టర్ అనే అమ్మాయికి, కర్ణంలా ఎదురుగా యూనివర్సల్ నిలబడుతుంది. సర్వీస్ మనకొచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో చోటు జరుగుతారు, అదే రొటేషన్. అలా వచ్చే ఆరు రొటేషన్లలో మూడింట్లో సెట్టర్ ముందు వరుసలో ఉంటుంది. ఆ మూడింట్లో ముందు వరుసలో కొట్టేవాళ్లు ఇద్దరే. అవతలి బ్లాకర్లకు పని సులువు. వాళ్లను ఆపేది ఒక్కటే, వెనక నుంచి మూడు మీటర్ల గీత దాటకుండా ఎగిరి కొట్టే యూనివర్సల్. ఆ బెదిరింపు లేకపోతే బ్లాక్ అంతా నీ ఎడమ పక్కకు జరిగి కాచుకుని కూర్చుంటుంది. ఇక సర్వీస్ గట్టిగా వచ్చి మొదటి బంతి చెదిరిందనుకో, సెట్టర్ పరుగెత్తి ఎలాగో ఎత్తే ఆ ఎత్తు బంతి ఎవరికివ్వాలి? మామూలుగా అయితే యూనివర్సల్‌కు. ఆమె లేకపోతే ఎడమ చివర ఉన్న ఔట్‌సైడ్ హిట్టర్‌కు. వియత్నాంలో ఆ చివర ఉండేది ట్రన్ థి థాన్ థుయ్.

థాన్ థుయ్ కెప్టెన్. 1.93 మీటర్ల ఎత్తు, వియత్నాం వాలీబాల్‌లో ఇప్పుడు అందరికంటే పెద్ద పేరు. కానీ ఔట్‌సైడ్ హిట్టర్ సర్వీస్ రిసీవ్ చేయాలి, మళ్లీ లేచి పరుగు తీసి కొట్టాలి. ప్రత్యర్థి ఏం చేస్తుంది? సర్వీస్ ఆమె మీదకే వేస్తుంది. ఆమె మోకాళ్ల మీద బంతి తీసుకుని లేచేసరికి అడుగులు సరిపోవు. బంతి గాల్లో ఉండగానే ఆమె ముందు ఇద్దరు ముగ్గురు చేతులు లేచి ఉంటాయి. పోలండ్ జట్టులో మగ్దలేనా స్టిసియాక్ ఎత్తు 2.03 మీటర్లు, మిడిల్‌లో అగ్నియెష్కా కోర్నెలుక్ 2 మీటర్లు. ఆడవాళ్ల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. వీళ్లు ఎగరకుండా చెయ్యి చాపితేనే నెట్ పై దాకా వస్తుంది. పైగా అది ఏదో జట్టు కాదు. నేషన్స్ లీగ్‌లో 2023, 2024, 2025 మూడేళ్లూ కాంస్యం గెలిచిన జట్టు. మొదటి సెట్ పోయాక వాళ్లు సర్వీస్ బిగించడంలో ఆశ్చర్యం లేదు.

నాకు ఇది బాగా అర్థం కావడానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం మా అమ్మాయిలను ఒక ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌కు తీసుకెళ్లాను. సెమీఫైనల్ రెండో సెట్లో మా యూనివర్సల్ అమ్మాయికి చీలమండ బెణికింది. గ్రౌండ్‌లో నీళ్లు సరిగ్గా ఆరకుండానే ఆడించారు, అది వేరే సంగతి. ఆ అమ్మాయి బదులు ఇంకొకరిని దింపాను. మంచి ప్లేయరే. కానీ మా లిఫ్టర్ చేతులకు పాత అలవాటు పోలేదు. బంతి చెదిరిన ప్రతిసారీ వెనక్కి తిరక్కుండానే తలమీదుగా కుడి చివరకే విసురుతోంది. అక్కడ కొత్త పిల్ల ఇంకా అడుగు తీయనే లేదు. బంతి రెండుసార్లు ఎవరూ లేని చోట పడింది. మూడోసారి ఆ పిల్ల కంగారుగా తోసేసింది. నేను బెంచీ దగ్గర నుంచి "ఎడమకివ్వమ్మా" అని అరుస్తూనే ఉన్నాను. ఆ లిఫ్టర్ నా వైపు తిరిగి "సార్, తెలుస్తోంది, చేతులు వినట్లేదు" అంది. ఒకే రొటేషన్‌లో వరసగా తొమ్మిది పాయింట్లు పోయాయి. ఆ అమ్మాయి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. బుర్రకు తెలిసింది చేతులకు చేరడానికి టైమ్ పడుతుంది. వియత్నాం అమ్మాయిలకు అది చేరడానికి రెండు సెట్లు పట్టింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొదటిసారి ఆడుతూ, పోలండ్ లాంటి జట్టు మీద, ఒకే మ్యాచ్‌లో ఆ పని చేశారు. నేను దాన్ని చాలా గొప్పగా చూస్తాను.

నీ రెండో ప్రశ్న భయం గురించి. దానికి 2023 చూడు. ఆ ఏడాది ఆసియా చాంపియన్‌షిప్ థాయ్‌లాండ్‌లోని నఖోన్ రాట్చసిమాలో జరిగింది. దక్షిణ కొరియా మీద మొదటి రెండు సెట్లూ ఓడారు. అక్కడి నుంచి వరసగా మూడు గెలిచి మ్యాచ్ గెలిచారు. నెలరోజులు దాటాక హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మళ్లీ అదే కొరియా. మళ్లీ రెండు సెట్లు పోయాయి, మళ్లీ మూడు గెలిచారు. అప్పుడు కూడా బిక్ తుయెన్ జట్టులో లేదు, ఆపోజిట్‌గా హోయాంగ్ థి కియెవ్ ట్రిన్ ఆడింది. రెండు టోర్నీల్లోనూ వియత్నాం నాలుగో స్థానంలో నిలిచింది. హాంగ్‌జౌలో మన అమ్మాయిలు కూడా ఆడారు. చైనా, ఉత్తర కొరియా ఉన్న గ్రూపులో పడి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. ఒకప్పుడు వియత్నాం మీద కొరియా గెలిస్తే ఎవరూ వార్త కూడా రాసేవాళ్లు కాదు. రెండు నెలల్లో రెండుసార్లు సున్నా-రెండు నుంచి లేచి అదే జట్టును ఓడించారంటే, ఓడుతున్నప్పుడు ఆలోచించడం వాళ్లకు వచ్చు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. చాలామంది ఎత్తు అంటారు, కోచ్ గుయెన్ తువాన్ కియెట్ అంటారు. రెండూ నిజమే. కానీ నా లెక్కలో అసలు సంగతి వాళ్ల ఇంట్లో జరిగే టోర్నమెంట్లు.

వియత్నాం టెలివిజన్ వాళ్లు 2004 నుంచి వీటీవీ కప్ అని మహిళల అంతర్జాతీయ టోర్నీ నడుపుతున్నారు. ఏటా ఒక్కో ఊళ్లో, పెద్ద నగరాల్లోనే కాదు, జిల్లా కేంద్రాల్లాంటి చోట్ల కూడా. ఇది కాక ఇంకో కప్పు ఉంది. అది నాకు మరీ ఇష్టం. 2007లో మొదలైన వీటీవీ9 బిన్ దియెన్ కప్. బిన్ దియెన్ అంటే ఎరువుల కంపెనీ. వాళ్ల బస్తాల మీద బ్రాండ్ పేరు "దావ్ ట్రావ్", అంటే గేదె తల. మన దగ్గర యూరియా బస్తా మీద బొమ్మ గుర్తుపట్టినట్టు అక్కడి వరి రైతులు ఆ గేదె తలను గుర్తుపడతారు. ఆ కంపెనీయే లాంగ్ ఆన్‌లో మహిళల వాలీబాల్ క్లబ్‌ను పోషిస్తోంది. థాన్ థుయ్ పెరిగింది ఆ క్లబ్‌లోనే. లిబెరో, అంటే వెనక వరుసలో బంతి తీసుకోవడానికే ఉండే ప్లేయర్, గుయెన్ ఖాన్ దాంగ్‌ది కూడా అదే క్లబ్. చైనా, జపాన్, థాయ్‌లాండ్, కొరియాల నుంచి జట్లను పిలిచి, పల్లెటూళ్ల మధ్య ఉన్న ఇండోర్ స్టేడియంలో నిండు జనం ముందు ఆడిస్తారు.

దీనివల్ల ఏం జరుగుతుందో ఆలోచించు. పదిహేడేళ్ల పిల్ల వీసా లేకుండా, విమానం ఎక్కకుండా, తన ఊరి అన్నం తింటూ జపాన్ అమ్మాయి ఫ్లోట్ సర్వీస్ (బంతి తిరగకుండా గాల్లో ఊగుతూ వచ్చేది) తీసుకోవచ్చు. చైనా బ్లాక్ ముందు కొట్టి దెబ్బతినవచ్చు. ఓడినా పోయేదేం లేదు, వచ్చే ఏడాది మళ్లీ వస్తారు. అలా ఇరవై ఏళ్లు. జాతీయ జట్టులోకి వచ్చేసరికి విదేశీ జట్టు అంటే వాళ్లకు కొత్త కాదు. 2023లో ఆసియా క్లబ్ చాంపియన్‌షిప్ వియత్నాంలోనే విన్ ఫుక్‌లో జరిగితే వాళ్ల జట్టే గెలిచింది. అదే ఏడాది ఇండోనేషియాలోని గ్రెసిక్‌లో ఏవీసీ (ఆసియా వాలీబాల్ సమాఖ్య) చాలెంజ్ కప్, 2024లో మనీలాలో మళ్లీ అదే, 2025లో పేరు నేషన్స్ కప్‌గా మారాక హనోయ్‌లో, వరసగా మూడుసార్లు టైటిల్. 2024 మనీలా టోర్నీకి మన జట్టు కూడా వెళ్లింది, వేరే గ్రూపులో ఆడింది. అదే ఏడాది జులైలో మనీలాలోనే జరిగిన ఎఫ్‌ఐవీబీ (అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య) చాలెంజర్ కప్‌లో కాంస్యం. 2023, 2024ల్లో జాతీయ జట్టు సాధించిన ఫలితాల పాయింట్లతోనే ర్యాంకింగ్ పెరిగి 32 జట్ల ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి వచ్చారు.

క్లబ్బుల పేర్లు వింటే నీకు మన పాత రోజులు గుర్తొస్తాయి. బ్యాంకుల జట్లు, సైన్యం సిగ్నల్ విభాగం జట్టు, కెమికల్ కంపెనీ జట్టు. మన దగ్గర రైల్వే, విద్యుత్ బోర్డు, పోలీసు జట్లు ఉన్నట్టే. తేడా ఏంటంటే, అక్కడ ఆ క్లబ్ అమ్మాయిని పన్నెండు పదమూడేళ్లకే తీసుకుని హాస్టల్లో పెట్టి పెంచుతుంది. మన దగ్గర ఉద్యోగం ఇచ్చేటప్పటికి అమ్మాయికి ఇరవై దాటి ఉంటాయి. అప్పటికి రిసీవ్‌లో తప్పులు ఎముకల్లోకి దిగిపోయి ఉంటాయి.

పేర్ల గురించి ఒక మాట, వ్యాఖ్యాతలు చెప్పేది నీకు అయోమయంగా ఉందన్నావు కదా. వాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. ట్రన్ అనేది ఇంటిపేరు, మధ్యలో "థి" ఆడపిల్లల పేర్లలో వచ్చే మాట, పిలిచే పేరు చివర ఉంటుంది. అందుకే జట్టులో ఎంతమంది గుయెన్‌లు ఉన్నా గందరగోళం ఉండదు, చివరి పేరుతో పిలుస్తారు. ట్రన్ థి థాన్ థుయ్ పేరులో నాలుగు మాటలూ వాళ్ల లిపిలో "టి" అక్షరంతోనే మొదలవుతాయి. అభిమానులు ఆమెను ముద్దుగా "4టీ" అంటారు.

ఆ 4టీ వెళ్లిన దారి కూడా తెలుసుకో. జపాన్‌లో డెన్సో, తర్వాత పీఎఫ్‌యూ బ్లూక్యాట్స్‌, ఆ పైన టర్కీలో కుజెయ్‌బోరు, ఇండోనేషియాలో గ్రెసిక్ పెట్రోకిమియా. జపాన్ లీగ్‌లో పొడుగు అమ్మాయి అని ఎవరూ రిసీవ్ నుంచి మినహాయించరు. అక్కడికెళ్లి వచ్చాక ఆమె ఆటలో నాకు కనిపించిన పెద్ద మార్పు స్మాష్ కాదు, మొదటి బంతి తీసుకునే తీరు. మిడిల్ బ్లాకర్ ట్రన్ థి బిక్ థుయ్ కూడా 2025లో కొరియా లీగ్‌లో జీఎస్ కాల్టెక్స్‌కు ఆడింది. ఇంటి పేరు ఒకటే, మనిషి వేరు, కలగలపకు.

ఇంత చెప్పాక ఒక బాధ కూడా చెప్పాలి. పోలండ్ తర్వాత జర్మనీ చేతిలో సున్నా-మూడు. దాన్ని నేను పెద్దగా పట్టించుకోను. ఆ తర్వాత కెన్యా చేతిలోనూ సున్నా-మూడు. అది మాత్రం నాకు గుచ్చుకుంది. మూడు మ్యాచ్‌లలో గెలవదగ్గది అదొక్కటే. రెండు పెద్ద జట్ల బ్లాక్ ముందు కొట్టి కొట్టి అలిసిన భుజాలతో మూడో మ్యాచ్ ఆడారు. ఇంకో పక్క యూనివర్సల్ లేని లోటు మూడో రోజుకు అందరికీ తెలిసిపోయింది. ఈ లోటు తొందరగా తీరేది కూడా కాదు. క్లబ్బులు ఈ మధ్య లీగ్‌లోకి విదేశీ ప్లేయర్లను తెచ్చుకుంటున్నాయి. తెచ్చుకునేది సాధారణంగా బాగా కొట్టేవాళ్లనే కదా. దాంతో సొంత అమ్మాయిలకు ఆ స్థానంలో ఆడే అవకాశం తగ్గుతుంది. కొరియా ఈ సమస్యతోనే ఏళ్లుగా ఇబ్బంది పడుతోంది.

ఇక నువ్వు ఏం చూడాలి. ఆ మ్యాచ్ మళ్లీ పెట్టుకో, కానీ స్మాష్ ఎవరు కొట్టారో చూడకు. సర్వీస్ పోలండ్ చేతిలో ఉన్న ప్రతిసారీ వీడియో ఆపి, వియత్నాం సెట్టర్ ముందు వరుసలో ఉందా, వెనక ఉందా అని రాసుకో. పక్కన మొదటి బంతి ఎక్కడికి వచ్చిందో రాయి. నెట్ దగ్గరకు నేరుగా వస్తే 3, రెండు మూడు అడుగులు పక్కకు పోతే 2, సెట్టర్ పరుగెత్తాల్సి వస్తే 1, పోతే సున్నా. రెండో సెట్ పేజీ, నాలుగో సెట్ పేజీ పక్కపక్కన పెట్టి చూడు. ఏ రొటేషన్‌లో ఇరుక్కున్నారో నీ చేతిరాతలోనే కనిపిస్తుంది.

తర్వాత అదే పని మీ టీమ్‌కు చెయ్యి. మీ లిఫ్టర్ ముందు వరుసలో ఉన్నప్పుడు చెడ్డ బంతి వస్తే ఎవరికి ఇస్తున్నారు? ఒకే అమ్మాయికైతే ఆమె జ్వరమొచ్చి రాని రోజు మీరూ పదికే ఆగిపోతారు. ప్రాక్టీస్‌లో మీ సార్‌ను అడిగి ఒక అరగంట ఇలా ఆడండి. సార్ కోర్టు బయట నుంచి బంతిని కావాలని అడ్డదిడ్డంగా విసరాలి. లిఫ్టర్ దాన్ని ముట్టుకోకూడదు. లిబెరోనో ఇంకెవరో రెండు చేతులు కలిపి ఎత్తుగా లేపాలి, ఒకసారి ఎడమ చివరకు, ఒకసారి కుడి వెనక్కు. కొట్టే అమ్మాయి గట్టిగా కొట్టాల్సిన పని లేదు. బ్లాకర్ చేతి అంచుకు తగిలించి బయటకు పంపినా, వెనక మూలలోకి తోసినా పాయింటే. సర్వీస్‌కు నెట్ పైన రెండడుగుల ఎత్తులో తాడు కట్టి, నెట్‌కూ తాడుకూ మధ్య నుంచి ఫ్లోట్ వేయండి. అవతల రిసీవ్ చేసేవాళ్లకు మూడింట్లో రెండు సైడ్ అవుట్లు వచ్చేదాకా రొటేషన్ తిప్పొద్దు. విసుగొస్తుంది. మా అమ్మాయిలు కూడా మొదట్లో నన్ను తిట్టుకున్నారు.

వారం రోజులు రాశాక ఆ నంబర్లు ఇక్కడే పెట్టు, ఏ రొటేషన్‌లో ఎన్ని సున్నాలొచ్చాయో విడివిడిగా. మీ లిఫ్టర్ ఎత్తెంతో, యూనివర్సల్ ఏ చేతివాటమో కూడా రాయి. దాన్నిబట్టి రిసీవ్‌లో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో చెబుతాను.